తీర్పు దగ్గర ఎనిమిది వరుసలు

జూన్ 3

చేరిపోయాను! ఫారమ్ నింపేశాను, ఫోటో అంటించేశాను, సంతకం పెట్టేశాను. కాళ్ళు నేల మీద నిలవడం లేదు. కోర్టులో స్టెనోగా ఇరవై మూడేళ్ళ నుంచి ఎవరెవరి మాటలో రాస్తూ వచ్చిన చెయ్యి, ఇవాళ నా పేరు నేను రాసుకోవడానికి వణికింది. ఫారాలు తీసుకునే గుమాస్తా "పెన్ను రాయట్లేదా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. పాపం, ఆ పెన్నుకేం రోగం.

విషయం స్పష్టంగా రాసి పెట్టుకుంటాను, రేపు భయపడి నేనే మాట మార్చకుండా. లా కాలేజీ సాయంత్రం సెక్షన్లో నలభై సీట్లు. నలభై అయిదేళ్ళు నిండినవాళ్ళని చేర్చుకోరు. నాకు అక్టోబరులో నిండుతాయి. అంటే ఈ ఆగస్టులో జరిగే ప్రవేశ పరీక్షే నాకు మొదటిదీ ఆఖరిదీ. చదువు వదిలేసి ఏళ్ళయిపోయిన నాలాంటివాళ్ళని ఆ పరీక్షకి తయారు చేయడానికి పది వారాల క్లాసు. రోజూ అయిదున్నర నుంచి ఏడున్నర దాకా, లైబ్రరీ మేడ మీద.

పందొమ్మిది మందిమి. నా పక్కన సిటీ బస్సు నడిపే అతను. మోకాళ్ళు బల్ల కింద పట్టక అడ్డంగా కూర్చున్నాడు. "అక్కా, మీరు కోర్టులో పని చేస్తారటగా. మీకన్నీ వచ్చేసుంటాయి. నాకు కాస్త కనపడేలా రాయండి" అన్నాడు. కాపీ కొట్టే ఉద్దేశం మొదటి రోజే చెప్పేసినవాడు మంచివాడే అయి ఉంటాడు. బస్సు తమ్ముడు అని పేరు పెట్టేశాను.

క్లాసు చెప్పే మేడమ్ ముప్పై ఏళ్ళు వకీలుగా చేసి మానేసిన మనిషి. రాగానే అందరినీ ఒకసారి కలయజూసి, "మీకు లా రాదు. చాలా సంతోషం. తప్పుడు లా వచ్చినవాళ్ళతో వేగలేను. ముందు చదవడం నేర్పుతాను, తరవాత రాయడం. మిగతాది కాలేజీవాళ్ళు చూసుకుంటారు" అంది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఎవరూ కొట్టలేదని ఊరుకున్నాను.

జూన్ 4

ఉద్యోగం చేస్తూ చదవాలంటే మా జడ్జి గారు అనుమతి పత్రం మీద సంతకం పెట్టాలి. జూలై 15 ఆఖరి తేదీ. బోలెడు టైముంది. రేపు అడుగుతాను.

జూన్ 6

జడ్జి గారికి జలుబు. జలుబుతో ఉన్న మనిషిని ఏం ఇబ్బంది పెడతాం. భయం కాదు.

జూన్ 11

ఇవాళ నేనే ఫస్టు! మేడమ్ రెండు పేజీల కథ ఇచ్చి, అందులో జరిగిన సంగతుల కింద మాత్రమే గీత గీయమంది. ఎవరో అనుకున్నదీ, ఊహించినదీ, వాదించినదీ వదిలేయాలి. నాకది నల్లేరు మీద నడక. సాక్షి చెప్పిందేదో, వకీలు అతని నోట్లో పెట్టిందేదో ఇరవై మూడేళ్ళుగా చెవులతో వింటున్నాను కదా. ఒక్క తప్పు లేదు. బస్సు తమ్ముడు "దురదృష్టవశాత్తూ" అన్న మాట కింద కూడా గీత గీశాడు.

"దురదృష్టం సంగతా అభిప్రాయమా?" అని మేడమ్ అడిగింది.

"నా విషయంలో సంగతే మేడమ్" అన్నాడు. క్లాసంతా ఘొల్లుమంది.

ఇంటికి నడిచి రాలేదు, ఎగిరి వచ్చాను. సీటు నాదే అనిపిస్తోంది. ఈ వయసులో ఇంత గర్వం మంచిది కాదని తెలుసు. అయినా ఉంది, ఏం చేయను.

జూన్ 13

జడ్జి గారు ఇవాళ మంచి హుషారుగా ఉన్నారు. అంత హుషారుగా ఉన్నప్పుడు మన గొడవ ఎత్తడం ఏం బాగుంటుంది? సోమవారం చూద్దాం. భయమైతే కాదు.

జూన్ 19

మేడమ్ ఒక సమస్య ఇచ్చింది, ఎల్లుండి క్లాసులో దాని మీద తీర్పు రాయాలి. ఒకతను కుట్టు మిషను రిపేరుకి ఇచ్చి రెండేళ్ళు మళ్ళీ మొహం చూపించలేదు. రిపేరు చేసినాయన దాన్ని ఇంకొకరికి అమ్మేశాడు. మర్నాడే మొదటివాడు వచ్చి నా మిషను నాకిమ్మన్నాడు. ఎవరిది న్యాయం?

వంట చేస్తూ అత్తయ్యకి చెప్పాను. "రెండు వైపులా విని చెప్పాలి అత్తయ్యా" అని కూడా అన్నాను.

"వినడమెందుకే? రెండేళ్ళు మిషను లేకుండా వాడి రోజులు గడిచాయా లేదా? గడిచాయి. అంటే వాడికి అక్కర్లేదు. కేసు కొట్టేశాను. టీ పెట్టు" అంది.

మా ఆయనకి ఫ్యాన్లూ మిక్సీలూ రిపేరు చేసే కొట్టుంది. కేసు తనదే అన్నట్టు లేచి కూర్చున్నారు. "అలా ఎలా అమ్మేస్తాడమ్మా? నా కొట్లో మూడేళ్ళ నుంచి ఒక ఫ్యాన్ ఉంది. రోజూ దుమ్ము దులుపుతున్నా. పరాయి సొత్తు పరాయి సొత్తే" అన్నారు.

"అందుకే నీ కొట్లో నువ్వు నిలబడటానికి చోటు లేదు" అంది అత్తయ్య.

తల్లీ కొడుకులు అరగంట వాదించుకున్నారు. నేను టకటకా రెండు వైపులా రాసేసుకున్నాను. ఇంతకన్నా మంచి వకీళ్ళు నాకెక్కడ దొరుకుతారు! చివర్లో మా ఆయన "ఇంతకీ నువ్వేమంటావు?" అని అడిగారు.

"మీరు చెప్పిందీ నిజమే, అత్తయ్య చెప్పిందీ నిజమే" అన్నాను.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే మాట" అన్నారు. ఆయనకి నేనంటే ఎంత గౌరవమో. నేను ఎవరి పక్షమూ పట్టనని ఆయనకి తెలుసు.

జూన్ 21

అదరగొట్టేశాను. నాలుగు పేజీలు. ఎక్కడా కొట్టివేతల్లేవు.

జూన్ 24

సున్నా.

జూన్ 25

నిన్న అంతకు మించి రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను.

మేడమ్ నా కాగితం చేత్తో ఎత్తి పట్టుకుని, "సంగతులు, బ్రహ్మాండం. వాది వాదన, నేను కూడా ఇంత బాగా రాయలేను. ప్రతివాది వాదన, అంతకంటే బాగుంది. ఇదిగో, నాలుగో పేజీ. 'కావున ఈ న్యాయస్థానం అభిప్రాయం ఏమనగా' అని ఉంది. ఆ తరవాత ఎనిమిది వరుసలు ఖాళీ. దాని కింద 'అని తీర్పు చెప్పడమైనది' అని ఉంది. మధ్యలోది ఏమైంది? ఎలక తిందా?" అని అడిగింది.

ఒట్టు, ఆ ఖాళీ వదిలినట్టు నాకు తెలియనే తెలియదు. కోర్టులో అంతే కదా. పిటిషన్లోదీ సాక్ష్యంలోదీ తీసి తీర్పు ముసాయిదా నేనే తయారు చేస్తాను. అసలు ముక్క దగ్గర ఎనిమిది వరుసలు వదులుతాను. జడ్జి గారు వచ్చి చెబుతారు, అప్పుడు టైపు కొడతాను. ఆ చోట నా మాట రాయడమంటే ఆయన కుర్చీలో కూర్చోవడం లాంటిది. చెయ్యి దానంతట అదే వదిలేసింది.

"తీర్పు లేని జవాబుకి అసలు పరీక్షలో సున్నాయే అమ్మా. ముందు పేజీలు తిప్పి కూడా చూడరు" అంది మేడమ్.

బస్సు తమ్ముడికి ఇరవైకి ఆరు. వాడు మొదటి వరుసలోనే తీర్పు పడేసి, మిషను పోగొట్టుకున్నవాడు పేదవాడని రెండు పేజీలు కన్నీళ్ళు పెట్టించాడు. అవతలివాడి మాట ఒక్కటీ లేదు. "కుక్క అడ్డమొస్తే బ్రేకు వేయాలా వద్దా అని రెండు వైపులా వింటూ కూర్చుంటే అక్కా, కుక్కా పోతుంది, బస్సూ పోతుంది" అన్నాడు. వాడికి ఆరు, నాకు సున్నా. ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి గిన్నెలన్నీ ధనధనా పడేశాను. అత్త మీద కోపం దుత్త మీద అంటారు గానీ, పాపం అత్తయ్య ఏ పాపమూ ఎరగదు.

నాది తప్పు కాదు. క్రమశిక్షణ. ఆ తేడా మేడమ్‌కి తెలియదు.

జూలై 1

మళ్ళీ రాశాను. ఈసారి మూడు వరుసలే ఖాళీ.

జూలై 3

ఈసారి ఖాళీ వదల్లేదు. "ఇరుపక్షాల వాదనలోనూ కొంత న్యాయం ఉన్నది" అని రాశాను. మేడమ్ దాని పక్కన ఎర్ర సిరాతో ఒక పిల్లి బొమ్మ వేసి, కింద గోడ గీసింది. బొమ్మ మాత్రం బాగుంది.

క్లాసయ్యాక నన్ను ఆపి, "మీకు అభిప్రాయాలు లేవా, చెప్పడానికి భయమా?" అని అడిగింది. భయమేం కాదన్నాను. ఈ మాట ఈమధ్య నేను చాలాసార్లు అంటున్నానని ఇప్పుడు డైరీ వెనక్కి తిప్పి చూస్తే తెలిసింది.

సరే. భయమే.

జూలై 10

భోజనం డబ్బా తెరవలేదు. రికార్డు గదిలో కూర్చుని రాస్తున్నాను.

పొద్దున్న జడ్జి గారు తన గదిలో కూర్చుని ఒక ఇల్లు ఖాళీ చేయించే కేసులో తీర్పు చెబుతున్నారు, నేను రాసుకుంటున్నాను. అద్దెకున్న ముసలాయనకి ఇల్లు ఖాళీ చేయమని నోటీసు ముందే అందిందా లేదా, కేసంతా దాని మీదే ఉంది. "నోటీసు ప్రతివాదికి స్వయంగా అందినట్టు పోస్టుమ్యాన్ సాక్ష్యంలో స్పష్టమైనది, కావున..." అన్నారు. నా పెన్సిలు ఆగిపోయింది. ఆ సాక్ష్యం రాసుకున్నది నేనే. పోస్టుమ్యాన్ ఆ మాట అనలేదు. ముసలాయన తలుపు తాళం వేసి ఉంటే, పక్క వీధిలో ఉండే ఆయన కోడలి చేతికిచ్చానన్నాడు. ఆ కోడలూ ఆయనా మాట్లాడుకోరని ఇంకో సాక్షి చెప్పాడు.

ఇన్నేళ్ళలో ఇలాంటివి ఎన్ని నా చేతి మీదుగా వెళ్ళిపోయాయో! అప్పుడు చెవితో విన్నాను, చేత్తో రాశాను, మధ్యలో నేను లేను. ఇప్పుడు మేడమ్ పుణ్యమా అని ప్రతి మాట కిందా గీత కనపడుతోంది.

ముసలాయన బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడని తెలుసు. నా బ్యాగులో సంతకం కావలసిన కాగితం ఉందనీ తెలుసు. ఇంకా అయిదు రోజులే. నోరు మూసుకుంటే సంతకం వస్తుంది, నోరు విప్పితే రాకపోవచ్చు. లోపల రెండు వైపులా వాదనలు మొదలయ్యాయి. అలవాటైపోయిన వకీళ్ళు, ఆపరు కదా.

"అయ్యా" అన్నాను. "పోస్టుమ్యాన్ అలా చెప్పలేదండి."

జడ్జి గారు కళ్ళజోడు తీశారు. "నువ్వు రాసుకోవడానికి వచ్చావా, తీర్పు చెప్పడానికి వచ్చావా?"

"రాసుకోవడానికేనండి. అందుకే చెబుతున్నాను. ఆరోజు రాసుకుంది నేనే" అని, సాక్ష్యం ఉన్న పేజీ తీసి బల్ల మీద పెట్టాను. ఆయన చూడలేదు. "వెళ్ళు" అన్నారు. వచ్చేశాను.

సీటు పోయింది. కాగితం మడత కూడా విప్పకుండానే పోయింది. ఏడుపు రావాలి, రావడం లేదు. ఏదో ఘనకార్యం చేసినట్టు గుండె ఎగిరెగిరి పడుతోంది. నాకు పిచ్చెక్కిందేమో.

జూలై 11

పిలుపు లేదు. బెంచ్ గుమాస్తా నా వైపు జాలిగా చూశాడు.

ఇంట్లో చెప్పాను. అత్తయ్య అంతా వింది. మొదటిసారి తీర్పు చెప్పకుండా మా ఆయన వైపు చూసింది. ఆయన "మంచి పని చేశావు. సీటు పోతే పోయింది" అన్నారు. సీటు పోతే పోయిందట! పరమ కోపం వచ్చింది. "పోతే పోయిందని మీరెలా అంటారు? నాకు కావాలి. నాకు ఆ సీటు కావాలి" అని గట్టిగా అరిచాను. ఇద్దరూ తెల్లమొహాలు వేశారు. ఈ ఇంట్లో నాకు ఫలానాది కావాలని నేను అనగా వాళ్ళు విన్నది ఇదే మొదలు.

జూలై 15

రాస్తున్నా, రాస్తున్నా. ఆగు చెయ్యీ, మెల్లగా.

పదింటికి జడ్జి గారు పిలిచారు. నేను లోపలికి వెళ్ళి నిలబడ్డాను. "పదిహేడో పేరా కొట్టెయ్. కొత్తగా రాసుకో" అన్నారు. నోటీసు అందలేదని, ముసలాయన ఇల్లు ఖాళీ చేయక్కర్లేదని చెప్పారు. నేను టైపు కొడుతుంటే అక్షరాలు అలుక్కుపోయి కనపడ్డాయి. అంతా అయ్యాక "ఇంకేమైనా తప్పులున్నాయా?" అన్నారు. వెటకారమో నిజంగానో తెలియలేదు.

"తప్పుల్లేవండి. ఒక సంతకం ఉంది" అని కాగితం తీసి ఇచ్చాను. ఏ ధైర్యంతో ఇచ్చానో నాకే తెలియదు.

విప్పి చూశారు. మడతల దగ్గర చిరిగిపోవడానికి సిద్ధంగా ఉంది. "ఎన్నాళ్ళ నుంచి మోస్తున్నావమ్మా దీన్ని?"

"జూన్ నాలుగో తారీకు నుంచండి."

"మరి అడగలేదేం?"

"మీకు జలుబు చేసిందండి."

"నలభై రోజులా?" అన్నారు. ఆయన నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు, ఇవాళా చూడలేదు, తల దించుకుని సంతకం పెట్టారు కదా. కానీ భుజాలు కదిలాయి. మధ్యాహ్నం సెలవడిగి, పరుగెత్తుకుంటూ వెళ్ళి కాలేజీలో ఇచ్చి వచ్చాను. అయిదింటికి మూసేస్తారు, నేనిచ్చేసరికి ఇంకా మూడే నిమిషాలు!

జూలై 22

ఇరవైకి పద్నాలుగు. తీర్పు ఆరు వరుసలు, అన్నీ నావే. బస్సు తమ్ముడికి ఏడు. "అక్కా, నాకు సగం ఇచ్చెయ్" అన్నాడు.

ఆగస్టు 17

రేపే.

ఆగస్టు 18

నాలుగో ప్రశ్న, ఇరవై మార్కులది, రాసి పెట్టుకుంటాను. ఒక మేడ మెట్ల మీద బల్బు కాలిపోయింది. అద్దెకున్నవాళ్ళు యజమానికి మూడుసార్లు చెప్పారు, పట్టించుకోలేదు. పేపరు వేసే ఆవిడ చీకట్లో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆవిడకి అక్కడ వెలుతురు లేదని తెలుసు, సంచిలో టార్చి ఉంది, వెయ్యలేదు. తప్పెవరిది?

యజమాని పక్షాన రాస్తుంటే యజమానిదే న్యాయమనిపించింది. ఆవిడ పక్షాన రాస్తుంటే ఆవిడదే. ఇరవై నిమిషాలు మిగిలాయి. చెయ్యి ఆగింది. నేను ఎటు చెప్పినా ఒకరికి నష్టం జరుగుతుంది, ఆ నష్టం నా చేతి మీదుగా జరుగుతుంది. జడ్జి గారు ప్రతి తీర్పు తరవాతా కాసేపు కిటికీ దగ్గర ఎందుకు నిలబడతారో అప్పుడు అర్థమైంది. యజమానిదే తప్పని రాశాను, ఎందుకో రాశాను, టార్చి వేయకపోవడం ఎంతవరకు లెక్కలోకి వస్తుందో కూడా రాశాను. గంట కొట్టారు.

బయట మెట్ల మీద బస్సు తమ్ముడు ఎదురొచ్చి "ఎవరిది తప్పన్నావు?" అన్నాడు. యజమానిదన్నాను. "నేనూ అదే!" అని గాల్లోకి ఎగిరాడు. ఇద్దరం టీ తాగాం. వాడి మీసానికంతా నురగ.

సెప్టెంబరు 5

వచ్చింది! వచ్చింది! ముప్పై ఒకటో పేరు నాది! నలభైలో ముప్పై ఒకటి! అత్తయ్య వీధిలోకి వెళ్ళి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పింది. మా ఆయన కొట్టు మూసేసి వచ్చి, బాగున్న ఫ్యాన్ విప్పి మళ్ళీ బిగించారు. మేడమ్ ఫోనులో "ఇప్పుడు కాలేజీవాళ్ళ పని మొదలైంది" అంది. నాకు గాల్లో తేలుతున్నట్టుంది, రేపటి దాకా దిగను.

బస్సు తమ్ముడి పేరు లేదు. జాబితా మూడుసార్లు చదివాను.

సెప్టెంబరు 8

వాడు లైబ్రరీకి వచ్చాడు, డ్యూటీ బట్టల్లోనే. కాలేజీవాళ్ళు అడిగినవాళ్ళకి జవాబుల నకళ్ళు ఇస్తారు, తెచ్చుకున్నాడు. ముందే ఫోను చేసి నాదీ తెమ్మన్నాడు, తీసుకెళ్ళాను.

"చూడక్కా. నాలుగో ప్రశ్నకి నీది పదిహేను, నాది అయిదు. ఇద్దరం చెప్పింది ఒకే తీర్పు. ఇదేం న్యాయం? మళ్ళీ దిద్దమని అర్జీ పెడతాను. నీ రాతైతే బాగుంటుంది, నువ్వు రాసి పెట్టు."

"నువ్వు చెప్పు, నేను రాస్తాను" అనేశాను. అలవాటు. కాగితం కూడా తీశాను. వాడు ఎంత ఆశగా చూస్తున్నాడో చెప్పలేను. ఒక్క అర్జీ రాసిస్తే నాకేం పోతుంది? సీటొచ్చి పొంగిపోతూ ఉన్నాను, వాడి మనసు నొప్పించడం దేనికి?

"ఆగు, ముందు చదవనీ" అన్నాను. చదివాను. మొదటి వరుసలోనే తీర్పు. తరవాత మూడు పేజీలూ పేపరు వేసే ఆవిడ కష్టాలే, అందులో సగం వాడి కష్టాలు. టార్చి ఊసే లేదు. యజమాని వైపు ఒక్క ముక్క లేదు.

"తమ్ముడూ, అర్జీ రాయను" అన్నాను.

"ఏం?"

"మార్కులు సరిగ్గానే వేశారు. నేను దిద్దినా అయిదే వేస్తాను. తీర్పు ఒకటే కావచ్చు. నువ్వు అవతలివాడి మాట వినకుండా చెప్పావు. నీ మీద కేసుండి, జడ్జి నీ మాట వినకుండా తీర్పు చెబితే ఊరుకుంటావా?"

వాడి మొహం మాడిపోయింది. "నువ్వు కూడానా అక్కా" అన్నాడు. నాకు నేనన్నది వెనక్కి తీసేసుకోవాలనిపించింది, నిజంగా. "నీదీ నిజమే" అన్న పాత ముక్క నాలిక చివర దాకా వచ్చింది. మింగేశాను.

కింద రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. వాడికింకా ముప్పై ఎనిమిదే, వచ్చే ఏడూ రాయొచ్చు. ఆ మాట చెబుదామనుకుని, ఓదార్పులా ఉంటుందని ఊరుకున్నాను.

వాడే కుర్చీ దగ్గరికి లాక్కుని, మోకాళ్ళు పట్టక మళ్ళీ అడ్డంగా తిరిగి కూర్చున్నాడు. నేను తీసిన తెల్ల కాగితం తన వైపు జరుపుకున్నాడు.

"పెన్నియ్యి" అన్నాడు. "ఇంటి యజమాని ఏమంటాడు?"